ఒక వైపు శాంతయ్య, ఒక వైపు కోసిగి పిల్లలు

మా స్టూడియోలోకి దయ్యం దూరిందని ఒక పాటల బృందం ప్రార్థనకు దిగిన రోజున ఈ కథ మొదలైంది. స్టూడియో అంటే మీరేమీ పెద్దగా ఊహించుకోవద్దు. కర్నూలు బి.క్యాంపు వెనక సందులో రెండు గదులు, ఒక వరండా. గోడలకు పాత పరుపులు కొట్టి, మీద గోనెపట్టా వేశాను. నా పేరు ఏసుకుమార్. నేను రికార్డు చేసేవి ముప్పాతిక మువ్వీసం క్రైస్తవ గీతాలే. ఈ చుట్టుపక్కల గొంతున్న పాస్టర్లు, గొంతు లేని పాస్టర్లు అందరూ నా మైకు ముందు నిలబడినవాళ్ళే. నేను ఎవరినీ కాదనను, కాదంటే నాకు గడవదు.

ఆ పూట లోపలి గదిలో ఉమామహేశ్ పాడుతున్నాడు. పాడుతున్నాడనడం నా మర్యాద. వాడిది కోసిగి. వానలు మొండికేస్తే ఇళ్ళకు తాళాలు పడే ఊరు. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనికి పోతే వాడూ, చెల్లెలు మహాదేవీ అక్కడి రేకుల షెడ్డులోనే పెరిగారు. షెడ్డు పక్క హాల్లో మెటల్ సంగీతం వాయించే కుర్రాళ్ళు సాధన చేసేవాళ్ళట. వీళ్ళిద్దరికీ ఆ పిచ్చి పట్టింది. అదీ మామూలు మెటల్ కాదు, ఎక్స్‌ట్రీమ్ మెటల్. గిటారును రంపం పెట్టి కోసినట్టు వాయిస్తారు. డ్రమ్ములు రేకుల మీద వడగండ్లు పడ్డట్టు మోగుతాయి. గొంతు కడుపులోంచి గర్జనలా వస్తుంది. ఆ గర్జనలో మాటలున్నాయని వాళ్ళు చెబితే నమ్మాలి. ఇప్పుడు ఉమామహేశ్ కర్నూల్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, మహాదేవి ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. సెలవు దొరికితే చాలు, నా గది అద్దెకు తీసుకుని పరుపుల్లో దూది రాలేదాకా వాయిస్తారు.

వరండాలో మైదుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన పాటల బృందం తమ వంతు కోసం కూర్చుని ఉంది. తలుపు సందులోంచి ఆ గర్జన వినగానే పాస్టరమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తింది. మిగతావాళ్ళు లేచి నిలబడ్డారు. "విడిచిపెట్టు, ఆ బిడ్డను విడిచిపెట్టు" అని ఒకటే ప్రార్థన. మంచినీళ్ళకని బయటికొచ్చిన ఉమామహేశ్ తల మీద ఆమె చెయ్యి పడనే పడింది. వాడు పెద్దలకు ఎదురు చెప్పే రకం కాదు. తల వంచుకుని ఆమేన్ దాకా ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"అమ్మా, మీలో సాక్సు ఊదేది ఎవురు?"

ఎందుకు అడిగాడంటే, వాడు గర్జించి ఆపిన ప్రతిసారీ బయటి నుంచి ఎవరో దానికి జవాబు చెప్పారు. అందరూ దయ్యాన్ని తరుముతుంటే ఒక పెద్దమనిషి మాత్రం వరండా మూలన తలుపుకు చెవి ఆనించి, సాక్సాఫోను నోట్లో పెట్టుకుని, ఆ గొంతు ఎటు పోతే అటు వెంటపడుతున్నాడు. ఆయనే శాంతయ్య.

శాంతయ్యకు కాలువ కింద అరెకరం పసుపు ఉంది. అది కడుపు నింపదు కాబట్టి మిగతా రోజుల్లో కూలికి పోతాడు. పెళ్ళికైనా చావుకైనా ఆ చుట్టుపక్కల బ్యాండుమేళం పిలిచారంటే ముందు వరసలో ఆయన ఉండాలి. మిషను బడిలో దొరసాని నేర్పిన క్లారినెట్టు వాళ్ళ తాతది. తండ్రి చేతికి వచ్చేసరికి అది సాక్సాఫోను అయింది. ఆ సాక్సు ఇప్పుడు రంగు వెలిసి సొట్టలుపోయిన బిందెలా ఉంటుంది. మీటలు లేవకపోతే సైకిలు ట్యూబు ముక్కలు కోసి రబ్బరు పట్టీలుగా వేసుకున్నాడు.

నా దగ్గరికి ఆయన ఏళ్ళుగా వస్తున్నాడు. పల్లవికీ చరణానికీ మధ్య నాలుగు ముక్కలు ఊదడం ఆయన పని. చెప్పింది చెప్పినట్టు ఊదుతాడు. చిక్కల్లా ఏమిటంటే, అయిపోయిందని చెప్పాక కూడా ఊదుతూనే ఉంటాడు. అప్పుడు వచ్చేది పాట కాదు. తప్పిపోయిన మేకపిల్ల అరుపు, దానికి తల్లి జవాబు, ఘాటు ఎక్కలేక మూలిగే బస్సు, ఎవరో ముసలమ్మ శోకం, అన్నీ ఒకే ఊపిరిలో వస్తాయి. రాగం ఉండదు, తాళం ఉండదు. "ఇంక చాలన్నా, నా ప్రాణం తీయొద్దు" అని నేను మైకు కట్టేసేవాణ్ణి. ఆయన నవ్వి సాక్సు తుడుచుకునేవాడు.

ఉమామహేశ్ పోయి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, ఇందాక ఊదినావే, అది మళ్ళా ఊదు."

"అది మళ్ళా రాదప్పా. ఇంకోటి వస్తాది."

"ఇంకోటే ఊదు."

శాంతయ్య ఊదాడు. మహాదేవి డ్రమ్ము పుల్లలు చేతిలో ఉండగానే బయటికి పరిగెత్తుకొచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళలో ఆ వెలుగు చూసి, నేను ఇన్నేళ్ళూ కట్టేసిన మైకులన్నీ గుర్తొచ్చి, నాకు కాస్త మంటగానే ఉండింది.

సంగతేమిటంటే, బెంగళూరులో ఒక చిన్న కంపెనీ ఉంది. మన తాతల కాలం నాటి నల్లటి గ్రామఫోను ప్లేట్లు ఇప్పుడు మళ్ళీ మోజయ్యాయి కదా, అవి అచ్చువేస్తుంది. ఒకే ప్లేటు మీద ఒక వైపు కోసిగి పిల్లల మెటల్, రెండో వైపు కట్టుబాట్లన్నీ తెంచుకున్న జాజ్ వెయ్యాలని వాళ్ళ ఆలోచన. ఒప్పుకున్న బెంగళూరు జాజ్ ఆయన చివర్లో చెయ్యిచ్చాడు. ఒక వైపు సిద్ధంగా ఉంది, రెండో వైపు ఖాళీ. ఈ పిల్లలు దిక్కుతోచక తిరుగుతుంటే శాంతయ్య నా వరండాలో దొరికాడు. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

"జాజ్ అంటే ఏందప్పా?" అని శాంతయ్య అడిగాడు.

"అమెరికాలో నల్లజాతోళ్ళు పుట్టించినది తాతా. ఆడ ఒక ఊర్లో శవం ముందర బ్యాండు వాయించుకుంటా పోయేటోళ్ళు. అట్లాటోళ్ళ నుంచే వచ్చినాది. తర్వాత కొందరు రాగం, తాళం అన్నీ ఇడిసిపెట్టి మనసుకు ఎట్లొస్తే అట్ల ఊదినారు" అన్నాడు ఉమామహేశ్.

శాంతయ్య కాసేపు ఆలోచించాడు. "పీనుగ ముందరే గదా వాయించేది. అయితే మావోళ్ళే" అన్నాడు.

అందరం నవ్వాం. ఒక్క విశ్వాసమ్మ నవ్వలేదు. ఆమె శాంతయ్య భార్య, పాటల బృందంలో వెనక వరసలో పాడుతుంది.

"శనివారం పండ్లు పీకించుకునే మనిషితో రికార్డు ఎట్ల చేస్తారప్పా మీరు?" అని అడిగింది.

అప్పుడు బయటపడింది. శాంతయ్యకు షుగరు ముదిరి చిగుళ్ళు చెడ్డాయి. పై వరస ముందు పళ్ళన్నీ కదులుతున్నాయి, చీము పడుతోంది. వదిలేస్తే విషం రక్తంలోకి ఎక్కుతుందని పళ్ళ డాక్టరు శనివారానికి రమ్మన్నాడు. సాక్సు ఊదేవాడికి పై పళ్ళు గుమ్మానికి గడపలాంటివి. ఊదే ముక్క వాటికి ఆనాలి, ఊపిరి బలమంతా అక్కడే నిలబడుతుంది. కట్టుడు పళ్ళతో ఊదేవాళ్ళు లేకపోలేదని నేనన్నాను. శాంతయ్య తల ఊపాడు కానీ నమ్మలేదు. వాళ్ళ మేళంలో పెద్ద మాస్టరు కట్టుడు పళ్ళతో కొన్నాళ్ళు అవస్థపడి, చివరికి తాళాలు కొట్టుకుంటూ వెనక వరసకు పోయాడట.

"ఇన్నేండ్లు ఊదినా గదప్పా, నా సొంత ఊదుడు నేనే ఒక్కసారి ఇనలేదు. పాటల్లో మీరు చెప్పిన నాలుగు ముక్కలే ఉంటాయి. పెండ్లి వీడియోల్లో డ్రమ్ములు తప్ప ఏం ఇనపడవు. ఈ పండ్లు పోకముందర నా ఇష్టానికి ఊదినది యాడన్నా ఒకచోట నిలబడితే చాలు" అన్నాడు శాంతయ్య.

విశ్వాసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "శుక్రవారం పొద్దుగూకే దాకా మీ ఇష్టం. శనివారం నేనే చెయ్యి పట్టుకుని ఈడ్చుకపోతా" అంది. అది బుధవారం.

"పండ్లూడగొట్టుకునేకి ఏ రాయైతే ఏమప్పా, కానీండి" అని శాంతయ్య నవ్వాడు.

గురువారం పొద్దున్నే నా స్టూడియోలో మొదలుపెట్టాం. ఒంటరిగా ఊదితే పిచ్చోడనుకుంటారు, డ్రమ్ము కావాలన్నాడు శాంతయ్య. మహాదేవి రెక్కలొచ్చినట్టు ఎగిరి కూర్చుంది. చెల్లెలు వాయిస్తే అన్న ఊరుకుంటాడా, వాడూ గిటారు తగిలించుకున్నాడు. ఎవరి వైపు వాళ్ళది అనుకున్న ప్లేటు మీద శాంతయ్య వైపు ముగ్గురిదీ అయిపోయింది. నాకు ఒకటే సంబరం. సంకీర్తనలు కలిపి కలిపి మొద్దుబారిన చెవులు నావి. అవి ఎన్నడూ విననిదేదో మా పరుపుల గదిలో పుట్టబోతోందని ఒళ్ళంతా తెలుస్తోంది.

పుట్టలేదు. శాంతయ్య మొదలుపెడతాడు, వేడెక్కుతాడు, సరిగ్గా మేకపిల్ల తప్పిపోయే సమయానికి నడక మొదలుపెడతాడు. మైకు ఇక్కడ, ఆయన అక్కడ. ఒకసారి గోడకు గుద్దుకున్నాడు. ఒకసారి వైరు కాలికి చుట్టుకుని స్టాండు కూలింది. ఒకసారి తలుపు తీసుకుని వరండా దాటి సందులోకి పోయాడు, అక్కడ గేదె బెదిరింది. నేను నేల మీద సుద్దతో గీత గీసి, దాటొద్దన్నాను. గీతలో నిలబడి బుద్ధిగా ఊదాడు. బుద్ధిగా ఊదిన సాక్సు ఎలా ఉంటుందంటే, ఆదివారం బడి పిల్లవాడు వాక్యం అప్పజెప్పినట్టు ఉంటుంది. "ఇది కాదన్నా" అని ఉమామహేశ్ మొహం వేలాడేశాడు. మధ్యాహ్నమైంది. శాంతయ్య చిగుళ్ళ నుంచి రక్తం ఊరుతోంది, విశ్వాసమ్మ ఉప్పునీళ్ళు కలిపి ఇస్తోంది, నాకేమో తిక్క రేగింది.

"ఏందన్నా ఇది, నీకు కాళ్ళతో ఊదేది నేర్పినారా? నడిచేటట్టుంటే రోడ్డు మీదికి పోయి ఊదు, నా గది ఎందుకు?" అని అరిచాను.

శాంతయ్య నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన నా వంక ఎంతో ఆశ్చర్యంగా చూసి, "అట్ల కూడా చేయొచ్చా?" అన్నాడు.

మహాదేవి పుల్లలు పక్కన పెట్టి పకపకా నవ్వింది. "అన్నా, ఈ మాట పొద్దున్నే తిట్టుంటే ఎంత బాగుండు."

నిజానికి అందులో ఆయన తప్పేముంది? పెళ్ళి ఊరేగింపులో ఊదాడు, శవయాత్రలో ఊదాడు, గుడ్‌ఫ్రైడేకి సిలువ వెనక ఊదాడు. నిలబడి ఊదిన రోజు ఆయన బతుకులో నా స్టూడియోలో తప్ప లేదు. కాలు కదిలితేనే ఊపిరి కదిలే మనిషిని సుద్దగీతలో నిలబెట్టి జాజ్ తెమ్మన్న నన్ను ఏమనాలో మీరే అనండి.

శుక్రవారం పొద్దున మైదుకూరు చేరాం. శాంతయ్య మేళానికి ఒక చిన్న ట్రాలీ ఆటో ఉంది, పెళ్ళిళ్ళకు లైట్లు, జనరేటరు మోసేది. నడిపేవాడు మారెన్న. దాని మీద మహాదేవి డ్రమ్ములను పసుపు బస్తాలు కట్టే తాళ్ళతో బిగించాం. పక్కన ఉమామహేశ్ గిటారు మోగించే స్పీకరు పెట్టె. ఒక మూల ఇరుక్కుని నేను, నా ఒళ్ళో రికార్డరు. శాంతయ్య సాక్సు గొట్టం అంచుకు చిన్న వైర్‌లెస్ మైకు తగిలించాను. జనరేటరు మోత అంతా రికార్డులో పడుతుందని నేను గింజుకుంటుంటే, "పడనీ అన్నా, మా సంగీతంలో అది కూడా ఒక స్వరమే" అన్నాడు ఉమామహేశ్. వాడితో వాదించి లాభం లేదు.

కె.సి. కాలువ గట్టు మీద బండి నడక వేగంతో కదిలింది. ముందు శాంతయ్య, ఆయన పక్కన నీళ్ళ సీసా పట్టుకుని విశ్వాసమ్మ. మొదటి ఊపిరికే తెలిసిపోయింది. అదే మేకపిల్ల, అదే బస్సు, కానీ ఇప్పుడు వాటికి ఆకాశమంత చోటు దొరికింది. మహాదేవి ముందు మెల్లగా దరువు వేసింది, శవయాత్ర దరువు. శాంతయ్య వెనక్కి తిరిగి కళ్ళతోనే, "ఇంకా" అన్నాడు. ఆ పిల్ల వడగండ్లు కురిపించింది. తాళ్ళు తెగుతాయేమోనని నేను డ్రమ్మును కౌగిలించుకున్నాను. ఉమామహేశ్ గిటారు కోత అందుకుని, గర్జన ఎత్తుకున్నాడు. శాంతయ్య ఆ గర్జనను సాక్సులో పట్టుకుని తలకిందులు చేసి వాడి మీదికే విసిరాడు. వాడు నవ్వుతూనే గర్జించాడు. నవ్వుతూ అలా గర్జించడం సాధ్యమని నాకు ఆ రోజే తెలిసింది. నేను మైకుల లెక్క, రికార్డరు మీద ఊగే ముళ్ళ లెక్క అన్నీ మరిచిపోయి అరిచేస్తున్నాను. నా అరుపులు కూడా రికార్డులో ఉన్నాయి, వినిపించమని అడగొద్దు.

ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. మారెన్న బండి ఆపాడు. డ్రమ్ము ఆగబోయింది.

"బండి నిలబడితే నిలబడనీ పాపా, బాజా నిలబడగూడదు" అని ఒక్క మాట అని శాంతయ్య మందలోకి నడిచాడు. గొర్రెల మధ్య ఊదుకుంటూ పోయి, అటు వైపు తేలాడు. గొర్రెలు అరిచాయి. అదీ పడింది.

పసుపు తవ్వుతున్న ఆడవాళ్ళు చేలోంచి గట్టెక్కి చూశారు. ఎదురొచ్చిన బైకులవాళ్ళు దిగి, తలగుడ్డ తీసి పక్కకు నిలబడ్డారు. వాళ్ళ లెక్కలో ఇది శవయాత్ర. సాక్సు, డ్రమ్ము, వెనక బండి, బండి మీద ఎవడో గుండెలవిసేలా ఏడుస్తున్నాడు, ఇంకేం కావాలి? భీమమ్మ అనే ముసలామె పసుపు మట్టి చేతులతోనే వచ్చి మారెన్న పక్కన నడిచింది.

"ఎవురు పోయినారు నాయనా?"

"ఎవురూ పోలేదవ్వా. రికార్డు చేస్తాండారు."

"ఎవురూ పోకనే ఇంత ఏడుపా?" అంది ఆమె. అయినా తిరిగి పోలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని వెంట నడిచింది. ఆమెను చూసి ఇంకొందరు కలిశారు. తూము దగ్గరికి వచ్చేసరికి మా వెనక నిజంగానే ఒక ఊరేగింపు ఉంది.

అక్కడే జరిగింది. శాంతయ్య పైస్థాయి అందుకున్నాడు. నేను విన్నవాటిలో అంత ఎత్తుకు పోయిన ఊపిరి లేదు. అది ఇంకా పైకి పోతూ పోతూ ఉండగా పుటుక్కున తెగింది. ఆయన వంగి అరచేతిలోకి ఉమ్మాడు. రక్తం, అందులో పన్ను. మహాదేవి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఉమామహేశ్ గిటారు తీగల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. జనరేటరు ఒక్కటే మోగుతోంది.

శాంతయ్య ఆ పన్ను వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం చూడలేకపోయాను. అయిపోయింది, అంతే, ఇంత దూరం తెచ్చి ఇక్కడ చేజారింది అనుకున్నాను. నా వేలు రికార్డరు ఆపే మీట మీదికి పోయింది కానీ నొక్కబుద్ధి కాలేదు.

విశ్వాసమ్మ నీళ్ళ సీసా చంకలో పెట్టుకుంది. ఆయన అరచేతిలోంచి పన్ను తీసుకుని కొంగున ముడి వేసుకుంది. అదే కొంగుతో ఆయన పెదవులు తుడిచింది. వారం రోజులుగా ఆ పళ్ళ కోసం ఆయనతో పోట్లాడుతున్న మనిషి. ఈ ఊదుడు ఇకనైనా మానితే బాగుండని దేవుణ్ణి అడుగుతున్న మనిషి.

"పోయిందేదో పోయింది. ఇంకా ఉండాయి గదా" అంది. "ఊదు."

శాంతయ్య ఆమె వంక చూశాడు. సాక్సును నోట్లో కొంచెం పక్కకు జరుపుకుని, ఊదాడు. ఆ ధ్వని నేను ఎప్పుడూ వినలేదు. సగం గాలి, సగం గొంతు, బొంగురుగా, నేల మీద పాకుతూ లేచింది. మహాదేవి వేళ్ళతో డ్రమ్మును తాకి దానికి తోడు పోయింది. ఉమామహేశ్ గర్జన కూడా ఈసారి మెల్లగా, ఆయన ఊపిరి పక్కనే నడిచింది. చర్చి మలుపు దాకా అలా పోయారు. అక్కడ ఆయనే ఆపాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భీమమ్మ దండం పెట్టి చేలోకి వెళ్ళిపోయింది.

శనివారం విశ్వాసమ్మ అన్నంత పనీ చేసింది, మిగతా పళ్ళు పీకించింది.

పన్ను ఊడిన దగ్గర వచ్చిన ఖాళీని కోసెయ్యమని బెంగళూరు కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. సంగీతం లేదు, ఎవరో ఆడమనిషి మాట పడింది అన్నారు. కోస్తే మా వైపు కూడా తీసేసుకుంటామని ఉమామహేశ్ తెగేసి చెప్పాడు. నేనూ నాలుగు తిట్టాను. కొయ్యలేదు.

ప్లేట్లు వచ్చిన రోజు శాంతయ్యనూ విశ్వాసమ్మనూ స్టూడియోకి పిలిచాను. బోసినోరుతో ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ప్లేయరు మీద ఆయన వైపు వేశాను. బతుకులో మొదటిసారి తన సొంత ఊదుడు తాను విన్నాడు. మేకపిల్ల, బస్సు, గొర్రెలు, వడగండ్లు, అన్నీ కళ్ళు మూసుకుని విన్నాడు. చివరిదాకా కదల్లేదు. ప్లేటు మీద నుంచి ముల్లు లేచింది. ఎలా ఉందన్నా అని నేనే అడిగాను.

"బాగుండాదప్పా" అన్నాడు. విశ్వాసమ్మ వైపు చెయ్యి చూపి, "నడుమ ఆమె ఒక మాట అంటాది సూడు, అది మళ్ళా ఒకసారి ఎయ్యి" అన్నాడు.

వేశాను. విశ్వాసమ్మ లేచి వరండాలోకి పోయింది.